బాక్సు విప్పించాలా, మార్పించాలా?

“గేర్‌బాక్స్ పోయింది సార్!”

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లోనైనా రోజూ వినబడే మాట ఇది. ఇంజిన్ తర్వాత కారులో అంత ఖరీదైన సామాను అదేనని తెలుసు కాబట్టి, ఆ మాట వినగానే యజమాని నీరుగారిపోతాడు. మెకానిక్ మూడు దారులు చూపిస్తాడు. ఉన్న బాక్సునే విప్పి ఓవర్‌హాలింగ్ చేయడం ఒకటి. ఆక్సిడెంటై తుక్కుకు పోయిన బండి నుంచి తీసిన పాత బాక్సు తెచ్చి బిగించడం ఇంకొకటి. కంపెనీ నుంచి కొత్తది తెప్పించడం మూడోది. మూడింటికీ మూడు రేట్లు. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పమంటాడు.

చిక్కేమిటంటే, అప్పటికి ఆ బాక్సును ఎవరూ విప్పి చూసి ఉండరు. గేర్ లివర్ కింద కేబుల్ చివర ప్లాస్టిక్ బుష్ అరిగినా గేరు సరిగ్గా పడదు, లోపల పళ్ళ చక్రం విరిగినా పడదు. రెంటికీ “పోయింది” అనే మాట ఒక్కటే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తే పని ఇక్కడే మొదలవుతుంది. అందుకే ‘విప్పాలా, మార్చాలా’ అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. పోయింది నిజంగా బాక్సేనా?

చాలాసార్లు దోషి క్లచ్ అవుతుంది. దీన్ని పట్టుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. హాయిగా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి మళ్ళీ వేయాలి. ఈసారి మొరాయిస్తే, రివర్స్ వేస్తుంటే కర్రుమంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ క్లచ్ అయితే సిలిండర్ లీకవుతూ ఉండొచ్చు. బాక్సుకు పెట్టే ఖర్చులో అవి చిన్న వంతు.

శబ్దాలూ తమ కథ తాము చెబుతాయి. బండి నిలబడి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తున్నప్పుడు గరగర వినబడి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద కన్నేయాలి. అదే తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది రిలీజ్ బేరింగ్, అంటే క్లచ్ తాలూకు సామానే. ఏదో ఒక్క గేరులో మాత్రమే కర్రుమంటుంటే గేర్ల వేగం కలిపే సింక్రో రింగు అరిగినట్టు. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే గేరు దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే లోపల పళ్ళు మొద్దుబారి ఉండొచ్చు, గేరు మార్చే ఫోర్కు వంగి ఉండొచ్చు. ఒక్కోసారి విరిగిన ఇంజిన్ మౌంటింగు కూడా ఇదే వేషం వేస్తుంది. ఇక అన్ని గేర్లలోనూ, బండి వేగంతో పాటు పెరిగే హోరు ఉందంటే బాక్సు జోలికి పోయేముందు చక్రాల బేరింగులు చూడాలి. చక్రం బేరింగు పోతే బాక్సు దించిన సందర్భాలు మెకానిక్‌లు నవ్వుతూ చెప్పుకునే కథల్లో బోలెడు.

లోపల అరిగేదేమిటో తెలిస్తే ఖర్చు లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 1890ల్లో ఫ్రాన్స్‌లో పనార్-లెవాసర్ కార్లకు వచ్చిన గేర్ల పద్ధతిలో, తిరుగుతున్న పళ్ళ చక్రాన్ని జరిపి ఇంకో పళ్ళ చక్రంలోకి నెట్టేవారు. రెండింటి వేగం కలవకపోతే పళ్ళు కొట్టుకునేవి. వేగం కలపడానికి డ్రైవరు మధ్యలో న్యూట్రల్‌కు తెచ్చి రెండుసార్లు క్లచ్ తొక్కేవాడు. మన పాత లారీ డ్రైవర్లు గొప్పగా చెప్పుకునే ‘డబుల్ క్లచ్’ అదే. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు ఈ వేగాన్ని తానే కలిపే సింక్రోమెష్ వచ్చాక ఈ బాధ తప్పింది. తప్పిందంటే అన్ని గేర్లకూ వెంటనే కాదు. మన పాత అంబాసిడర్‌లో ఫస్ట్ గేరుకు సింక్రో ఉండేది కాదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్ వేస్తే అరిచేది అందుకే.

ఇప్పటి బాక్సుల్లో ముందుకు నడిపే గేర్ల పళ్ళు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. లివర్ కదిపినప్పుడు జరిగేది గేరు కాదు, దాని పక్కనున్న స్లీవ్. స్లీవ్ వచ్చి గేరుకు తగులుకునే ముందు, మధ్యలో ఉన్న ఇత్తడి రింగు గేరు తాలూకు కోన్ మీద ఒరుసుకుని రెండింటి వేగాన్ని సమం చేస్తుంది. ఒరుసుకున్న ప్రతిసారీ ఆ రింగు వెంట్రుకవాసిలో వెయ్యోవంతు అరుగుతుంది. అరగడానికే దాన్ని పెట్టారు. ఊళ్ళో ట్రాఫిక్‌లో ఎక్కువగా వాడేవి సెకండ్, థర్డ్ గేర్లు కాబట్టి ముందు అరిచేవీ అవే. రింగు గేరు మీద కూర్చున్నప్పుడు రెండింటి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. చిన్న కార్లలో కొత్త రింగుకు ఈ సందు ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటుగా ఉంటుంది. అర మిల్లీమీటరుకు దిగిందంటే దాని ఆయువు తీరినట్టే.

ఇక బాక్సు దించకుండానే లోపలి సంగతి సగం చెప్పేది పాత ఆయిల్. మంచి మెకానిక్ ముందు డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్‌ను శుభ్రమైన ట్రేలోకి వదులుతాడు. చాలా బోల్టుల చివర అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారు లేదు, అది మామూలు అరుగుదల. ఆ ముద్దను వేళ్ళ మధ్య నలిపినప్పుడు ఇసుకలా గరుకుగా తగిలినా, సన్నటి రేకులు కనబడినా బేరింగ్ పొరలు లేస్తున్నట్టు. ట్రేను ఎండలో వంచితే ఆయిల్‌లో పసుపురంగు మెరుపు తేలుతోందంటే అది సింక్రో రింగు ఇత్తడి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, అందుకే బోల్టు ఒక్కటే చూసి వదిలేయకూడదు. ఇక గోరంత ఉక్కు ముక్క దొరికితే చర్చ అక్కర్లేదు, ఎక్కడో పన్ను విరిగింది. పది నిమిషాల ఈ పని చేయకుండానే రేటు చెప్పే షెడ్డును నమ్మనక్కర్లేదు.

విప్పితే బతికే బాక్సు ఏది, బతకనిది ఏది? ఒక్క మాటలో చెప్పాలంటే రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు, ఫోర్కుల వరకే దెబ్బతిన్న బాక్సును బాగు చేయించుకోవాలి. అవన్నీ విడిగా దొరికే సామాన్లే. షాఫ్టులు, గేర్ల పళ్ళు, డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ దెబ్బతింటే లెక్క మారిపోతుంది. చాలా చిన్న కార్లలో ఇన్‌పుట్ షాఫ్ట్ మీద కొన్ని గేర్లు విడిగా ఉండవు, షాఫ్టుతో కలిపే చెక్కి ఉంటాయి. అందులో ఒక్క పన్ను విరిగినా మొత్తం షాఫ్ట్ కొనాలి. దాని జోడీగా తిరిగే గేరునూ మార్చాలి. కొత్త పళ్ళను అరిగిన పళ్ళతో జత కలిపితే కొత్త హోరు మొదలవుతుంది. అక్కడికి ఓవర్‌హాలింగ్ ఖర్చు పాత బాక్సు రేటును దాటిపోతుంది. బాక్సు పైగుల్ల పగిలిందంటే అసలు ఆలోచించే పనే లేదు. అల్యూమినియం వెల్డింగు చేసి ఇస్తామనేవాళ్ళు ఉంటారు గానీ, షాఫ్టులు నిలిచే చోట గుల్ల కాస్త వంకరపోయినా కొత్త బేరింగులు ఎక్కువ కాలం నిలవవు.

ఆలస్యం ఎలా ఖరీదవుతుందో చెప్పడానికి ఐరోపాలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఎం32. అప్పట్లో జనరల్ మోటార్స్ కుటుంబంలో ఉన్న ఓపెల్, వాక్స్‌హాల్ కార్లలో వచ్చిన ఆరు గేర్ల బాక్సు అది. ఆస్ట్రా, జఫీరా, కోర్సా యజమానుల్లో చాలామందికి దాంతో తలనొప్పి మొదలైంది. షాఫ్ట్ చివర ఉండే బేరింగులు ముందుగానే అరిగేవి. మొదటి లక్షణం చాలా చిన్నది. ఐదు, ఆరు గేర్లలో పోతూ యాక్సిలరేటర్ తొక్కి వదిలితే గేర్ లివర్ దానంతటది ముందుకూ వెనక్కూ కదిలేది. అప్పుడే బేరింగులు మార్పించుకున్నవాళ్ళు ఒడ్డునపడ్డారు. ‘నడుస్తోందిగా’ అనుకున్నవాళ్ళ బాక్సుల్లో షాఫ్ట్ ఊగిసలాడి, చివరికి గుల్లకే చిల్లు పడింది. ఒకే బాక్సు, ఒకే జబ్బు. మొదటివాళ్ళకు బాగుచేత, రెండోవాళ్ళకు మార్పిడి. బ్రిటన్‌లో ఈ ఒక్క బాక్సును బాగు చేయడమే ప్రత్యేక పనిగా పెట్టుకున్న షెడ్లు వెలిశాయి.

మన దగ్గర ఇలాంటి పాఠం నీళ్ళ రూపంలో వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కార్లు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. అందరి దృష్టీ ఇంజిన్ మీద, వైరింగ్ మీదే. గేర్‌బాక్స్‌కు గాలి ఆడేందుకు బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది, మునిగినప్పుడు దానిగుండా నీళ్ళు లోపలికి దిగుతాయి. నీళ్ళు కలిసిన గేర్ ఆయిల్ చిక్కటి పాల చాయ్ రంగుకు తిరుగుతుంది. అప్పుడే ఆయిల్ తీసి, కడిగి, కొత్తది పోస్తే సాధారణంగా ఏమీ కాదు. తీయకపోతే బేరింగ్ గుండ్ల మీద తుప్పు మచ్చలు పడి, హోరు కొన్ని నెలల తర్వాత మొదలవుతుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు. బీమా కంపెనీకైతే అసలే ఉండదు.

బీమా మాట వచ్చింది కనుక ఒక విషయం. మామూలు సమగ్ర పాలసీలో అరుగుదల వల్ల వచ్చిన నష్టానికి, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు పైసా రాదు. ‘ఇంజిన్, గేర్‌బాక్స్ ప్రొటెక్షన్’ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకుంటే నీళ్ళు చేరినందుకో, కింద రాయి తగిలి ఆయిల్ కారిపోయినందుకో జరిగిన నష్టానికి వర్తిస్తుంది. దానికి కూడా రింగుల అరుగుదలతో సంబంధం లేదు.

సరే, విప్పాలనే నిర్ణయించారనుకుందాం. ఇక్కడ బాక్సు కన్నా చెయ్యి ముఖ్యం. బేరింగులను సుత్తితో కొట్టి ఎక్కించే షెడ్డుకు, హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కి ఎక్కించే షెడ్డుకు తేడా ఆరు నెలల్లో తెలుస్తుంది. టేపర్ బేరింగులున్న బాక్సుల్లో షిమ్‌లు అనే సన్నటి వాషర్లు వేసి బిగువు కొలిచి సరిచూడాలి. పాత షిమ్‌లే మళ్ళీ పడేసి మూస్తే కొత్త బేరింగులైనా వేడెక్కి పాడవుతాయి. ఇంకో దొంగ పొదుపు ఉంది. కర్రుమంటున్న ఒక్క గేరుకు రింగు మార్చి మిగతావి వదిలేయడం. స్లీవ్ లోపలి పళ్ళ మొనలు మొద్దుబారి ఉంటే కొత్త రింగు కూడా ఎంతోకాలం పనిచేయదు. విప్పాక సింక్రో సెట్టు మొత్తం, బేరింగులు, సీళ్ళు అన్నీ ఒకేసారి వేయించడమే చౌక, ఎందుకంటే దింపి ఎక్కించే కూలి మళ్ళీ పడదు. క్లచ్ ప్లేట్ సగానికి పైగా అరిగి ఉంటే అదీ ఈ దెబ్బతోనే మార్చాలి.

పాత బాక్సు సంగతి వేరు. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి లాంటి చోట్ల తుక్కు బండ్ల సామాను అమ్మే వీధులే ఉన్నాయి. వెనక నుంచి గుద్దుకుని తుక్కైన తక్కువ తిరిగిన కారు బాక్సు దొరికితే అదృష్టమే. దొరికిందో లేదో తెలిసేది మాత్రం బిగించి నడిపాకే. కొనేముందు చేయగలిగింది కొంత ఉంది. ఒక్కో గేరు వేసి ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పాలి, పట్టుకున్నట్టు అనిపించకూడదు. షాఫ్టును పట్టి కిందికీ పైకీ ఊపితే ఆట ఎక్కువ ఉండకూడదు. లోపల ఆయిల్ మిగిలి ఉంటే వేలు పెట్టి చూడాలి. బోల్టులు బిగించే చెవులు విరిగి ఉన్నాయేమో గమనించాలి. పెట్రోల్ కారుకు డీజిల్ కారు బాక్సు బిగించే ప్రబుద్ధులూ ఉన్నారు. బోల్టులు కలిసినా లోపలి గేర్ల నిష్పత్తులు వేరు కావచ్చు, అప్పుడు పికప్, మైలేజీ రెండూ తారుమారవుతాయి. స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్పవచ్చు.

దొంగ సొత్తు సంగతి మరవకూడదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోటీగంజ్ అనే మార్కెట్ దొంగిలించిన బండ్లను ముక్కలు చేసి అమ్మడంలో పేరుమోసింది. 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించారు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి కానీ గేర్‌బాక్స్ నంబరు ఉండదు. కాబట్టి బాక్సు మార్పిడికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు. ఆ సౌకర్యమే దొంగలకూ సౌకర్యం. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు ఇవ్వని చోట కొనకపోవడమే క్షేమం.

కొత్త బాక్సు ఎవరికి? వారంటీలో ఉన్నవాళ్ళకు ప్రశ్నే లేదు, బయట బోల్టు కూడా ముట్టుకోనివ్వకుండా సర్వీస్ సెంటరుకు తీసుకెళ్ళాలి. మారుతి 2024 జులై నుంచి మామూలు వారంటీని మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. వారంటీ దాటినా బండి వయసు తక్కువై, ఇంకో పదేళ్ళు ఉంచుకోవాలనుకునేవాళ్ళకు కొత్తది దండగ కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కాస్త ఊరట. అయితే కొన్ని బ్రాండ్లకు ఈ దారి ఇరుకు. షెవర్లే కార్ల అమ్మకాలు 2017 చివరికి మన దేశంలో ఆగిపోయాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి కారున్నవాళ్ళు కొత్త బాక్సు కోసం ఎదురుచూడటం కన్నా తమ బాక్సును దగ్గరుండి బాగు చేయించుకోవడం మేలు. పాత సామానును తుక్కుకు వేయకుండా దాచుకోవడమూ అవసరమే.

ఏఎంటీ కార్లవాళ్ళకూ ఇదే లెక్క. 2014లో సెలెరియోతో మన రోడ్లమీదికి వచ్చిన ఏఎంటీలో లోపల ఉన్నది మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కి గేరు వేసే పనిని మాత్రం యంత్రం చేస్తుంది. ఆ యంత్రం పాడైనా బాక్సు పోయిందనే అంటారు. కంప్యూటర్ పెట్టి చూడకుండా బాక్సు దించనివ్వకూడదు.

లెక్క కోసం ఒక కారు తీసుకుందాం. అమ్మితే 2 లక్షలు పలికే పదకొండేళ్ళ హ్యాచ్‌బ్యాక్. ఓవర్‌హాలింగ్ 22 వేలు, పాత బాక్సు 28 వేలు, కొత్తది 90 వేలు అన్నారనుకుందాం. ఊరినీ మోడల్‌నూ బట్టి అంకెలు మారతాయి, తర్కం మారదు. కొత్తది కొంటే కారు విలువలో దాదాపు సగం బాక్సుకే పోతుంది, అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగి రాదు. దింపి ఎక్కించే కూలి మూడింటికీ ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. తెలిసిన చేతిలో, తెలిసిన బాక్సుకు 22 వేలు పెట్టడం సబబు. విప్పాక షాఫ్ట్ పోయిందని తేలి ఆ 22 కాస్తా 40 అయితే పాత బాక్సే నయం. పదిహేనేళ్ళు నిండబోతున్న కారైతే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. బాడీ తుప్పుపట్టిన బండిలో కొత్తగా బాగుచేసిన బాక్సు ఉండి ఏం లాభం?

అమెరికాలో ఈ తర్కం తలకిందులు. అక్కడ కొత్త కార్లలో మాన్యువల్‌వి నూటికి రెండు కూడా ఉండవు, మెకానిక్ గంట కూలి మండిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో బాగుచేసిన బాక్సు కొని, పాతదాన్ని వెనక్కిచ్చి డిపాజిట్ తీసుకోవడం అక్కడ మామూలు. మన దగ్గర కూలి కన్నా సామానుకే ఖరీదెక్కువ కాబట్టి బాగుచేత వైపే తక్కెడ మొగ్గుతుంది. అక్కడి సలహాల వీడియోలు చూసి ఇక్కడ నిర్ణయం తీసుకోవడం తెలివైన పని కాదు.

అంతా అయ్యాక చెడగొట్టే పని ఒకటుంది, ఆయిల్. డ్రమ్ములోంచి ‘నైంటీ ఆయిల్’ తీసి అన్ని బండ్లకూ పోసే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి చిన్న కార్ల బాక్సులు చాలావాటికి పల్చటి 75డబ్ల్యూ-80 లాంటి జీఎల్-4 ఆయిల్ చెబుతారు. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు కొన్ని రకాల్లో ఇత్తడి రింగులకు పడవు. జారుడు ఎక్కువై రింగు పట్టుకోదు కూడా. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో రాసింది తప్ప ఇంకేదీ పోయనివ్వకూడదు.

బండి అప్పగించే ముందే మాట రాయించుకోవాలి. విప్పాక ఖర్చు పెరిగితే ఫోన్ చేసి అడిగాకే పని సాగించాలి. మార్చిన పాత సామాను సంచిలో కట్టి ఇవ్వాలి. ఎన్ని నెలల గ్యారంటీ, ఆ లోపు మళ్ళీ పాడైతే దింపి ఎక్కించే కూలి ఎవరిది అన్నది బిల్లు మీదే ఉండాలి. చాలా గొడవలు ఈ చివరి మాట దగ్గరే వస్తాయి. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు.